హార్ప్‌తో బతుకు: ఆర్కెస్ట్రా, పెళ్లిళ్లు, ఆసుపత్రి... మనసుకు ఏది మేలు?

పోయిన నెల టెక్సాస్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్లమ్మాయికి పదిహేడేళ్లు. ఏడేళ్లుగా హార్ప్, అంటే నిలువుగా తీగలు బిగించిన పెద్ద వాయిద్యం, నేర్చుకుంటోంది, కాలేజీలో కూడా అదే చదువుతానంటోందట. ఆవిడ డబ్బు సంగతి ఎత్తలేదు. "అది చాలా సున్నితమైన పిల్లండీ. ఈ పని దాని మనసుకు పడుతుందా? ఆర్కెస్ట్రాలో చేరడం మేలా, పెళ్లిళ్లకు వాయించుకోవడం మేలా, మీలాగా ఆసుపత్రుల్లో వాయించడం మేలా?" అని అడిగారు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇరవై రెండేళ్లుగా ఈ మూడు పనులూ చేస్తున్నాను కాబట్టి, కాస్త నెమ్మదిగా రాస్తే నయమనిపించింది.

నేను తెనాలిలో నాలుగేళ్లు వీణ నేర్చుకున్నాను. పదమూడో ఏట అమ్మానాన్నలతో ఒహాయో వచ్చాక, స్కూల్లో ఒక మూల గుడ్డ కప్పి పెట్టిన హార్ప్ చూశాను. వీణలో ఒకే తీగ మీద మెట్టు మెట్టుకీ స్వరం మారుతుంది, తీగ లాగితే గమకం పలుకుతుంది. హార్ప్‌లో స్వరానికొక తీగ. పెద్ద హార్ప్‌కి 47 తీగలుంటాయి. ఏది ఏదో పోల్చుకోవడానికి పాశ్చాత్య స్వరాల్లో సీ తీగలు ఎర్రగా, ఎఫ్ తీగలు నల్లగా ఉంటాయి. కాళ్ల దగ్గర ఏడు పెడల్స్, ఒక్కోదానికి మూడు స్థానాలు. స్థానం మారిస్తే ఆ పేరున్న తీగలన్నిటి శ్రుతీ మారుతుంది. 1810లో సెబాస్టియన్ ఎరార్ తయారుచేసిన ఆ ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. చిటికెనవేలు వాడం. గమకం పలకదు. ఆ లోటు నాకు ఇవాళ్టికీ తెలుస్తూనే ఉంటుంది.

అయినా ఎందుకు వదల్లేదంటే, హార్ప్‌ను కుడి భుజం మీదికి వాల్చుకుని వాయిస్తాం. కింది తీగ మీటితే ఆ మోత చెవికన్నా ముందు ఛాతీకి తగులుతుంది. ఆ సుఖం మూడు పనుల్లోనూ ఒకటే. తేడా అంతా వాయించడం అయిపోయాక, వ్యాన్‌లో ఒక్కదాన్నే ఇంటికి వస్తున్నప్పుడు తెలుస్తుంది. నేను మూడింటినీ ఆ ఇంటిదారితోనే కొలుస్తాను.

ఆర్కెస్ట్రాతో, అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే పెద్ద బృందంతో మొదలుపెడతాను. హార్ప్ నేర్చుకునే ప్రతి పిల్లా కలగనేది దాన్నే.

ఒక పెద్ద ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాళ్లే దాదాపు ముప్పై మంది ఉంటారు. హార్ప్ మామూలుగా ఒక్కటే. అందులో ఉన్నవాళ్లు రిటైరయ్యేదాకా ఆ కుర్చీ ఖాళీ కాదు. ఖాళీ అయితే దేశం నలుమూలల నుంచీ వస్తారు. ఆడిషన్ తెర వెనక జరుగుతుంది. నీ పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఒకసారి నేను రెండో రౌండ్ దాకా వెళ్లాను. టెన్షన్‌లో ఎఫ్ పెడల్ ఒక మెట్టు కిందే వదిలేశాను. పెడల్ తప్పితే ఒక్క తీగతో పోదు, ఆ పేరున్న తీగలన్నీ తప్పుతాయి. నాలుగు బార్ల (మన తాళంలో ఆవర్తనాల్లాంటివి) తర్వాత తెర అవతలి నుంచి "థాంక్యూ" అన్నారు. ఏడాది పాటు రోజుకు ఐదు గంటల సాధన ఆ ఒక్క మాటతో ముగిసింది. ఆ రోజు మూడు వందల మైళ్లు డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను. దారిలో ఎక్కడా ఆగలేదు, అమ్మకు ఫోన్ కూడా చేయలేదు.

తర్వాత ఒక చిన్న ఊరి ఆర్కెస్ట్రాలో చోటు దొరికింది, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మిగతా వాళ్లకన్నా గంట ముందే వెళ్లాలి. ఖాళీ స్టేజీ మీద, సగం దీపాల వెలుగులో 47 తీగలూ శ్రుతి చేసుకోవాలి. ఆ గంట నాకు చాలా ఇష్టం. తర్వాతిదే కష్టం. ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద కృతుల్ని సింఫనీలంటారు. బీథోవెన్ తొమ్మిది సింఫనీల్లో, బ్రామ్స్ నాలుగింటిలో హార్ప్ లేదు. ఆ వారాల్లో నిన్ను పిలవరు. పిలిచిన వారాల్లో కూడా ఒక్కోసారి వంద బార్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుని, ఆరు బార్లు వాయించి మళ్లీ లెక్కపెట్టుకోవాలి. చేతులు చల్లబడతాయి. ఆ ఆరు బార్లే తప్పాయంటే హాలంతటికీ వినిపిస్తుంది. వయొలిన్ వాళ్లు విరామంలో గుంపుగా కూర్చుని కండక్టర్ గురించి చెప్పుకుంటారు. నా పార్టు గురించి చెప్పుకోవడానికి నా పక్కన రెండో మనిషి లేదు.

ఈ ఒంటరితనం పాతదే. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో మొదటి మహిళ 1930లో చేరిన ఎడ్నా ఫిలిప్స్. ఆమె హార్పిస్టు. వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో అన్నా లెల్కెస్ 1974 నుంచీ హార్ప్ వాయించింది, కానీ ఆమెకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది 1997లో. ఇరవై మూడేళ్లు వాళ్ల మధ్యలో కూర్చుని వాయిస్తూ, వాళ్లలో ఒకరు కాకుండా ఉండడం! నేను మా స్టేజీ మీద ఎడమ పక్కన ఒక్కదాన్నే శ్రుతి చేసుకుంటున్నప్పుడు ఆవిడ చాలాసార్లు గుర్తొస్తుంది.

మరి ఇందులో మనసుకు దక్కేదేమిటి? ఒకసారి మాలర్ ఐదో సింఫనీ వేశాం. అందులో నాలుగో భాగంలో ఊదే వాయిద్యాలు, డప్పులు అన్నీ ఆగిపోతాయి. వయొలిన్ కుటుంబమూ ఒక్క హార్పూ మాత్రమే ఉంటాయి, సుమారు పది నిమిషాలు. అరవై మంది కమాను పట్టినవాళ్ల ఊపిరి నా వేళ్ల మీద నడుస్తోందని అనిపించింది. ఆ రాత్రి ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. డిసెంబర్లో చైకోవ్‌స్కీ నట్‌క్రాకర్ అనే నృత్యనాటకం వస్తుంది. అందులో పూల వాల్ట్జ్ అనే నాట్యం మొదట్లో అందరూ ఆగి హార్ప్‌ను ఒంటరిగా వదిలేస్తారు. ఆ అర నిమిషం కోసం ఒక డిసెంబర్లో పధ్నాలుగు ప్రదర్శనలకు వెళ్లాను, పధ్నాలుగుసార్లూ గుండె అదే వేగంతో కొట్టుకుంది. ఆర్కెస్ట్రా ఇచ్చే ఆనందం మిగతా రెండింటి కన్నా పెద్దది, సందేహం లేదు. కానీ అది ఏడాదికి నాలుగైదు రాత్రులు వస్తుంది. మిగిలిన రాత్రులు తప్పుల్ని లెక్కపెట్టుకుంటూ ఇంటికి వస్తావు.

పెళ్లిళ్ల దారి దీనికి పూర్తిగా వేరు. దీన్ని తక్కువగా చూసేవాళ్లున్నారు, కాలేజీలో మాకూ అలాగే నేర్పారు. అది తప్పని నేను గట్టిగా చెబుతాను.

శారీరకంగా మాత్రం కష్టమే. దగ్గర దగ్గర నలభై కిలోల వాయిద్యం. బండి మీద పెట్టి తోసుకుంటూ, గడ్డి మీదా మెట్ల మీదా నువ్వే తీసుకెళ్లాలి. ఎండలో పది నిమిషాలుంచితే శ్రుతి జారిపోతుంది, గట్ తీగ, అంటే పేగుతో చేసినది, టప్పున తెగుతుంది. నా ఒప్పందంలో మొదటి షరతు నీడ. మూడు గంటలు వాయిస్తే జనం మాట్లాడుకుంటూనే ఉంటారు. పళ్లాల చప్పుడు, పిల్లల అరుపులు. మొదటి రెండేళ్లు దీనికి ఏడ్చాను. ఎంత బాగా వాయించినా ఒకటే, ఎంత చెడగొట్టినా ఒకటే అనిపించేది.

ఒక తెలుగు పెళ్లి రిసెప్షన్‌లో నా ఆలోచన మారింది. పెళ్లికూతురి తాతగారు వీణ అభిమాని. మన పాట ఏదైనా వాయించమ్మా అన్నారు. గమకం లేకుండా ఏం వాయించను? అప్పుడు నాకు నేనుగా కనిపెట్టుకున్న చిన్న ఉపాయం ఒకటి గుర్తొచ్చింది. సీ షడ్జంగా పెట్టుకుని, ఎఫ్ పెడల్ పూర్తిగా పైకి వదిలి, బి పెడల్ పూర్తిగా కిందికి తొక్కితే, మధ్యమం తీగ గాంధారంగానూ నిషాదం తీగ పై షడ్జంగానూ పలుకుతాయి. మిగతావి మామూలుగా ఉంచితే ఇక చెయ్యి ఎటు దూసినా మోహన రాగమే. కింది నుంచి పైదాకా ఒకసారి దూశాను. తాతగారు కుర్చీ నా దగ్గరికి లాక్కుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, తినడం మర్చిపోయి అరగంట విన్నారు. రెండు వందల మందిలో ఆయన ఒక్కరే విన్నారు, నాకు అది చాలింది. పెళ్లిలో వాయించేవాళ్లకు దొరికేది ఇదే. ఎవరు వింటారో ముందు తెలియదు, ఎవరో ఒకరు వింటారు. పైగా ఆ మనుషుల జీవితంలో మరిచిపోలేని రోజున నువ్వు అక్కడ ఉంటావు. ఇంటిదారిలో నడుము నొప్పి ఉంటుంది కానీ మనసు తేలిగ్గానే ఉంటుంది. అద్దె, వ్యాన్ ఖర్చు, తీగల ఖర్చు ఈ శనివారాల నుంచే వస్తాయి, పాఠాలు చెప్పేదానితో కలిపి.

ఇక ఆసుపత్రి.

ఈ పనికి పెద్ద హార్ప్ పనికిరాదు. భుజాన తగిలించుకునే చిన్నది, పెడల్స్ లేనిది తీసుకెళతాను. మనిషి అనారోగ్యంలో హార్ప్ వాయించడం ఏనాటి నుంచో ఉన్నదే. తెలుగు బైబిల్లో, మనసు కలత పడ్డ సౌలు రాజు ముందు దావీదు వాయించినదాన్ని సితారా అన్నారు, అది హార్ప్‌కు చుట్టం లాంటి తీగల వాయిద్యం. మన అమరావతి స్తూపం శిల్పాల్లో కూడా విల్లులా వంగిన వీణ కనిపిస్తుంది, ఆ కాలంలో వీణంటే అదే. అది హార్ప్ అని నాకు అమెరికా వచ్చిన చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. మన కాలంలో, పోయేవాళ్ల పక్కన కూర్చుని వాయించడాన్ని ఒక చదువుగా మలిచినవాళ్లలో థెరీస్ ష్రోడర్-షెకర్ ముఖ్యురాలు. 1990లలో మోంటానాలోని మిస్సౌలాలో ఆవిడ ఒక శిక్షణాలయం నడిపారు.

నా శిక్షణలో మొదట నేర్పింది, చివరి గంటల్లో ఉన్నవాళ్లకు తెలిసిన పాట వాయించకూడదని. తెలిసిన పాట జ్ఞాపకాల్లోకి వెనక్కి లాగుతుంది. తాళం కూడా ఉండకూడదు. మనిషి ఊపిరిని చూస్తూ, ఊపిరి తీసుకున్నప్పుడు ఒక స్వరం, వదిలినప్పుడు ఒక స్వరం. ఆయాసంగా ఉంటే ముందు దాని వేగాన్నే అందుకుని, తర్వాత మెల్లగా తగ్గించాలి. చప్పట్లుండవు. పొరపాటు చేశానా అన్న ఆలోచనే రాదు, ఎందుకంటే ఆ గదిలో నా గురించి ఎవరూ ఆలోచించడం లేదు, నేను కూడా. ఆడిషన్ తెర వెనక నా చేతుల్లో దూరిన వణుకు ఆ గదుల్లోనే పోయింది.

ఒకసారి ఒక గదిలో తెలుగు వాళ్లున్నారు. పెద్దాయన కోలుకుంటున్నారు కాబట్టి తెలిసినది వాయించవచ్చు. మధ్యమం, నిషాదం తీగలు ముట్టుకోకుండా నెమ్మదిగా వాయిస్తూ పోయాను. నేను తెలుగుదాన్నని వాళ్లకింకా తెలియదు. మూల కుర్చీలో ఆయన భార్య తలెత్తి, తనలో తాను, "మోహనం..." అన్నారు. "అవునండీ, మోహనమే" అన్నాను. ఆవిడ లేచి వచ్చి నా తల నిమిరారు. తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడలేకపోయాం. మాలర్ వాయించిన రాత్రినీ ఈ మధ్యాహ్నాన్నీ పక్కపక్కన పెట్టి ఒకటే ఎంచుకోమంటే, నేను ఈ మధ్యాహ్నాన్నే ఎంచుకుంటాను.

అయితే దీని ఖరీదు కూడా చెప్పాలి. గురువారం నేను వాయించిన మనిషి వచ్చే గురువారానికి ఉండకపోవచ్చు. మంచం మీద వేరే దుప్పటి, వేరే పేరు. మొదటి ఏడాది వారానికి నాలుగు రోజులు వెళ్లాను. ఆరో నెలకి ఇంట్లో హార్ప్ ముట్టుకోవడం మానేశాను, ఏ తీగ మీటినా ఎవరో ఒకరు గుర్తొచ్చేవారు. ఒకరోజు వ్యాన్ ఇంటి ముందు ఆపి దిగలేకపోతే, అమ్మ వచ్చి తలుపు తీసి, ఏమీ అడగకుండా లోపలికి తీసుకెళ్లి పెరుగన్నం కలిపి పెట్టింది. అప్పటి నుంచి వారానికి రెండు రోజులే వెళుతున్నాను. ఆ రెండు రోజుల తర్వాత నర్సులతోనో తోటి వాద్యకారులతోనో మాట్లాడకుండా ఇంటికి రాను. పసిబిడ్డల వార్డుకు వెళ్లిన రోజు మరెక్కడికీ వెళ్లను.

కాబట్టి ఆవిడకు నా జవాబు ఇది. సున్నితమైన పిల్ల కదా అని ఆసుపత్రి పనిలో ముందే దింపకండి. ముప్పై ఏళ్లయినా రావాలి, సొంత ఇంట్లో ఒకటి రెండు చావులైనా చూసి ఉండాలి, అడగకుండా అన్నం పెట్టే మనిషి ఒకరుండాలి. ఆర్కెస్ట్రా ఆడిషన్లకు తప్పకుండా పంపండి, ఆ సాధన వేళ్లకు మంచిది. కానీ ఎన్నేళ్లు ప్రయత్నించాలో ముందే ఒక లెక్క పెట్టుకోమనండి. నా క్లాసులో అందరికన్నా బాగా వాయించిన అమ్మాయి పద్నాలుగేళ్లు ఒక కుర్చీ కోసం ఎదురుచూసి, ఆఖరికి హార్ప్ అమ్మేసింది. ఆ అమ్మాయి వేళ్లు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. మొదటి పదేళ్లకు పెళ్లిళ్లూ పాఠాలే మేలని నా నమ్మకం. వారం వారం మనుషుల మధ్యకు వెళ్లి వాయించే అలవాటు అక్కడే వస్తుంది, చెయ్యి ఆగదు, రాత్రి నిద్ర పడుతుంది.

ఇంకొక మాట. డిసెంబర్లో సెలవులకు పిల్లను తీసుకుని మా ఊరు రండి. నట్‌క్రాకర్‌కు గంట ముందు నాతో స్టేజీ మీదికి రానిస్తారు, తీగలు శ్రుతి చేయడంలో సాయం పడుతుంది. శనివారం ఒక పెళ్లి ఉంది, బండి తోయడానికి మనిషి కావాలి. గురువారం ఆసుపత్రిలో అనుమతి తీసుకుంటాను, గది బయట కూర్చుని వినొచ్చు. పడుకోవడానికి మా ఇంట్లో గది ఉంది, అమ్మ వంట చేస్తుంది.