ఓర్లాండోలో బస: గ్రాండ్ ఫ్లోరిడియనా, ఫోర్ సీజన్సా?

వాల్ట్ డిస్నీ వరల్డ్ ప్రాంగణంలోనే ఉన్న ఈ రెండు విలాసవంతమైన రిసార్టులలో, 1988లో ప్రారంభమైన గ్రాండ్ ఫ్లోరిడియన్‌కు అసలు బలం అది ఉన్న చోటే. అక్కడి నుంచి మోనోరైలులోగానీ, పడవలోగానీ, నడిచిగానీ డిస్నీ వినోద పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు చేరుకోవచ్చు కనుక, ఎండకు సోలిపోయిన పసిపిల్లలను మధ్యాహ్నం గదికి తెచ్చి నిద్రపుచ్చి, ఫ్లోరిడా వేసవిలో తరచుగా కురిసే ఉరుముల వాన వెలిశాక, సాయంత్రం తిరిగి పార్కుకు తీసుకువెళ్లడం సులభం.

2014లో తెరుచుకున్న ఫోర్ సీజన్స్ నుంచి పార్కులకు రిసార్టు బస్సులే ఆధారం. అయితే సుమారు 5 ఎకరాల జలక్రీడల ప్రాంగణం, అందులో మెల్లగా పారే కృత్రిమ నది, పిల్లల క్లబ్ ఉన్నందున, ఒక రోజంతా పార్కు ఊసెత్తకుండానే గడిచిపోతుంది. అద్దె మాత్రం రెండింటిలోనూ భారమే. ఇంత చెల్లించి గదిని కేవలం నిద్రకే వాడుకోవడం నాకు సమంజసంగా తోచదు. అందువల్ల ఈత ఇష్టపడే పెద్ద పిల్లలున్నవారికి ఫోర్ సీజన్స్, చంటిబిడ్డలున్నవారికి గ్రాండ్ ఫ్లోరిడియన్ తగినవని నా అభిప్రాయం.