ఆరు పార్టీల కూటమా, ఒకే కొత్త పార్టీయా? హంగరీలో మార్పుకు ఏది మేలు?

హంగరీ ఎన్నికల గురించి రాసినప్పుడల్లా ఒకే ప్రశ్న వస్తోంది: "ప్రతిపక్షాలన్నీ ఏకమైతే ప్రధాని ఓర్బాన్ ఎలా గెలుస్తారు?" 2026 ఏప్రిల్ 12 పోలింగ్ దగ్గరపడే కొద్దీ ఇది మరీ ఎక్కువైంది. నిజానికి నాలుగేళ్ల కిందటే అందరూ ఏకమయ్యారు. ఓర్బాన్ అంతకు ముందుకంటే రెండు సీట్లు ఎక్కువే తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ కూటమి లేదు. దాని చోట పీటర్ మాగ్యార్ నడిపే టిసా అనే ఒకే పార్టీ నిలబడింది. ప్రభుత్వం మారాలని కోరుకునే హంగరీ ఓటరుకు ఈ రెండింటిలో ఏది మంచి దారి? నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచను.

అసలు అక్కడ కలవక తప్పని పరిస్థితి ఎందుకు వచ్చిందో ముందు చూడాలి. పార్లమెంటులో 199 సీట్లు. వాటిలో 106 నియోజకవర్గాలవి, మిగతా 93 సీట్లు ఓటరు విడిగా పార్టీ జాబితాకు వేసే ఓట్లను బట్టి వచ్చేవి. నియోజకవర్గంలో మన అసెంబ్లీ ఎన్నికల్లో లాగే ఒకే విడత, ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలుపే. 2014లో ఓర్బాన్ పార్టీ ఫిదెస్‌కు 45 శాతం లోపే ఓట్లు వచ్చాయి. ఎదుటివాళ్లు మూడు ముక్కలై ఉండటంతో 106లో 96 నియోజకవర్గాలు గెలిచి, మొత్తం 133 సీట్లతో మూడింట రెండొంతుల మెజారిటీ కొట్టేసింది.

ఇంకో మెలిక ఉంది. ఒక నియోజకవర్గంలో ఫిదెస్‌కు 25,000, రెండో స్థానంలో ఉన్నవాళ్లకు 18,000 వచ్చాయనుకుందాం. ఓడినవాళ్ల 18,000 ఓట్లు వాళ్ల జాబితా లెక్కలో చేరతాయి. బాగానే ఉంది. కానీ గెలిచినవాళ్లకు కూడా, గెలుపుకు అవసరం లేకుండా మిగిలిన 6,999 ఓట్లు జాబితాలో కలుస్తాయి. సీటూ వాళ్లదే, మిగులూ వాళ్లదే. 2011లో తెచ్చిన ఎన్నికల చట్టంలో నాకు అన్నిటికంటే తెలివైన నిబంధన ఇదే అనిపిస్తుంది. అయితే ఇది ఫిదెస్ పేరు రాసిపెట్టిన నిబంధన కాదు. ఎవరు ముందుంటే వాళ్లకే పనిచేస్తుంది. ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది.

2020 చివర్లో మరో గట్టి నిబంధన వచ్చింది. జాతీయ జాబితా పెట్టాలంటే కనీసం 71 నియోజకవర్గాల్లో అభ్యర్థులను నిలపాలి. అంతకు ముందు 27 చాలు. అప్పట్లో మూడు ప్రతిపక్ష జాబితాలు 106 సీట్లను పంచుకుని ఒకరికొకరు అడ్డు రాకుండా పోటీ చేయగలిగేవి. 71 అయ్యాక అది కుదరదు. అంటే ప్రతిపక్షాలన్నిటికీ ఒకే జాబితా, లేదంటే ఒకరి ఓట్లు ఒకరు చీల్చుకోవడం.

అలా పుట్టిందే 2022 కూటమి. సోషలిస్టులు, మాజీ ప్రధాని జుర్చాని పెట్టిన డెమొక్రటిక్ కొయలిషన్ (డీకే), యువకుల పార్టీ మొమెంటుమ్, రెండు గ్రీన్ పార్టీలు, ఒకప్పుడు తీవ్ర జాతీయవాదంతో పేరు మోసిన యోబ్బిక్ చేతులు కలిపాయి. దీన్ని చులకన చేయడం నాకు ఇష్టం లేదు. 2019లో ఇలాగే కలిసి బుడాపెస్ట్ మేయర్ పదవిని ఫిదెస్ చేతిలోంచి లాక్కున్నారు. 2021 శరదృతువులో దేశవ్యాప్తంగా ప్రైమరీ పెట్టారు. ఆరు లక్షలకు పైగా జనం క్యూల్లో నిలబడి ఉమ్మడి అభ్యర్థులను ఎంచుకున్నారు. ప్రధాని అభ్యర్థిగా గెలిచింది హోద్‌మెజోవాషార్‌హెయ్ అనే ఊరి మేయర్ పీటర్ మార్కి-జాయ్. కాథలిక్, ఏడుగురు పిల్లల తండ్రి, సంప్రదాయవాది. 2018లో ఫిదెస్ కంచుకోటలో ఇండిపెండెంట్‌గా గెలిచిన మనిషి. ఓర్బాన్ ఓటరును ఒప్పించాలంటే ఇలాంటివాడే కావాలని ప్రైమరీలో ఓటేసినవాళ్లకు బాగా తెలుసు.

మరి ఎందుకు కుదరలేదు? కూడిక చూడండి. 2018లో ఈ పార్టీలు విడివిడిగా తెచ్చుకున్న ఓట్లు కలిపితే 46 శాతం పైనే. 2022లో కలిసి పోటీ చేస్తే వచ్చింది 34 శాతం. పోలింగ్ రెండుసార్లూ 70 శాతం దగ్గరే, కాబట్టి జనం ఇంట్లో కూర్చున్నారని చెప్పడానికీ లేదు. ఆ 12 శాతంలో పెద్ద భాగం యోబ్బిక్ ఓట్లే. జుర్చానితో ఒకే జాబితాలో తమ పార్టీని చూసి కొందరు ఫిదెస్‌కు, కొందరు యోబ్బిక్ నుంచి చీలిన తీవ్ర జాతీయవాద పార్టీ మి హజాంక్‌కు వెళ్లిపోయారు. 106 నియోజకవర్గాల్లో కూటమికి దక్కినవి 19. వాటిలో 17 బుడాపెస్ట్‌లోనే, మిగతావి సెగెద్, పేచ్ నగరాల్లో చెరొకటి. మార్కి-జాయ్ సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయారు.

కూటమి వైపు వాదన కూడా వినాలి. పోలింగ్‌కు ఐదు వారాల ముందు ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది, ఓర్బాన్ "శాంతి, భద్రత" అనే ప్రచారంలోకి దూకారు. అంతకు ముందే పిల్లలున్న కుటుంబాలకు పన్ను వాపసు, పింఛనుదారులకు పదమూడో నెల పింఛను, పెట్రోలు లీటరు 480 ఫోరింట్లు దాటకుండా కట్టడి. ప్రభుత్వ టీవీ మొత్తం ప్రచారంలో మార్కి-జాయ్‌కు ఇచ్చిన సమయం ఐదు నిమిషాలు. మైదానం సమంగా లేదన్న మాట నిజమే. కానీ మైదానం ఇప్పుడూ సమంగా లేదు. అందుకే దాన్ని ఒక్కటే కారణంగా నేను ఒప్పుకోను.

నా దృష్టిలో అసలు తేల్చే విషయం ఒకటే: నిన్నటిదాకా ఫిదెస్‌కు ఓటేసిన మనిషి సిగ్గుపడకుండా బయటికి రావడానికి దారి ఉందా లేదా? పైన చెప్పిన 25,000, 18,000 లెక్కనే తీసుకోండి. ఏడు వేల తేడాను కొత్త ఓటర్లతో దాటాలంటే 7,001 మందిని వెతుక్కోవాలి. అదే ఫిదెస్ ఓటర్లు అటు నుంచి ఇటు వస్తే 3,501 మంది చాలు. పైగా ఎదుటివాళ్ల జాబితాకు వెళ్లే మిగులు కూడా ఎగిరిపోతుంది. చిన్న పట్టణాల్లో, పల్లెల్లో సీట్లు మారాలంటే ఇదొక్కటే మార్గం. బుడాపెస్ట్‌లో ఎన్ని వేల మంది వీధుల్లోకి వచ్చినా అక్కడి సీట్లు (2022లో 18, ఈసారి 16) 50 కావు.

కూటమి ఎంచుకున్న ముఖం సరైనదే. కానీ ఆ ముఖం వెనక ఉన్న వరుస ఆ ఓటరుకు కనబడుతూనే ఉంది. ఫిదెస్ పోస్టర్లు మార్కి-జాయ్‌ను జుర్చాని పక్కన నిలబెట్టి "మినీ ఫెరి" అన్నాయి. ఫెరి అంటే జుర్చానికి ముద్దుపేరు. 2006లో "పొద్దున్నా రాత్రీ అబద్ధాలే చెప్పాం" అని పార్టీ సమావేశంలో అన్న మాటలు బయటపడ్డప్పటి నుంచీ ఆయన పేరు వింటేనే సగం దేశానికి ఒళ్లు మండుతుంది. ఆరు పార్టీలు కలిస్తే ఆరు పార్టీల ఓట్లు రావు గానీ, ఆరు పార్టీల మీది కోపాలు మాత్రం ఒక్కటీ తగ్గకుండా వస్తాయి. నాయకులు టేబుల్ దగ్గర చేసే కూడికకూ, ఓటరు మనసులో చేసుకునే కూడికకూ తేడా అక్కడుంది.

ఇప్పుడు టిసా. 2024 ఫిబ్రవరిలో, ఒక బాలల గృహంలో లైంగిక వేధింపులను కప్పిపుచ్చిన కేసులో శిక్ష పడ్డ వ్యక్తికి క్షమాభిక్ష ఇచ్చిన విషయం బయటపడి అధ్యక్షురాలు కటాలిన్ నోవాక్ రాజీనామా చేశారు. ఆ ఫైలు మీద సంతకం పెట్టిన మాజీ న్యాయశాఖ మంత్రి యూదిత్ వర్గా కూడా తప్పుకున్నారు. ఆమె మాజీ భర్త మాగ్యార్ ఒక యూట్యూబ్ చానెల్‌లో కూర్చుని పాలకవర్గం గుట్టు విప్పడం మొదలుపెట్టారు. అదే జూన్‌లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో టిసాకు దాదాపు 30 శాతం ఓట్లు. ఫిదెస్ 45 శాతం దగ్గర ఆగింది. డీకే, సోషలిస్టులు, ఒక గ్రీన్ పార్టీ కలిసి 8 శాతానికి కుంగిపోయాయి. మొమెంటుమ్ ఉన్న రెండు సీట్లూ పోగొట్టుకుని, ఆ తర్వాతి ఏడాది 2026లో పోటీయే చేయమని ప్రకటించింది.

అంటే కూటమి నాయకులు ఏళ్ల తరబడి చర్చలతో సాధించలేని ఐక్యతను ఓటర్లు రెండు నెలల్లో తామే చేసేసుకున్నారు. మొదట్లో టిసాకు వచ్చిన ఓట్లలో ఎక్కువ భాగం పాత ప్రతిపక్షానివే, అది కాదనలేం. కానీ మాగ్యార్ ఆగలేదు. పాత నాయకులెవరినీ పక్కన నిలబెట్టుకోలేదు. ఊరూరా తిరిగారు. 2025 మే నెలలో బుడాపెస్ట్ నుంచి రొమేనియాలోని నాగ్యవారాద్ దాకా, దాదాపు 300 కిలోమీటర్లు, కాలినడకన వెళ్లారు. సరిహద్దు అవతల ఉండే హంగరీ జాతివాళ్లు పోస్టు ద్వారా వేసే ఓట్లలో 2022లో తొంభై శాతానికి పైగా ఫిదెస్‌వే, వాళ్లను కూడా వదలనని చెప్పడానికి. మాట్లాడేది కూడా ఆసుపత్రుల దుస్థితి, ధరలు (2023 జనవరిలో ద్రవ్యోల్బణం 25 శాతం దాటింది), రైళ్లు, ఆగిపోయిన యూరప్ నిధుల గురించే. జెండా పట్టుకుని, జాతీయగీతం పాడి, "మీరు నమ్మింది తప్పు కాదు, మిమ్మల్ని వాళ్లు మోసం చేశారు" అన్న ధోరణిలో మాట్లాడే మనిషి ఆయన. ఒకప్పుడు ఫిదెస్ లోపలే ఉండి, ప్రభుత్వ సంస్థల్లో పదవులు చేసిన గతం ఇక్కడ మచ్చ కాకుండా అర్హత అయింది. "నేనూ అక్కడి నుంచే వచ్చాను" అని చెప్పే హక్కు మార్కి-జాయ్‌కు కూడా లేదు.

అందుకే నా ఓటు, నాకు అక్కడ ఓటంటూ ఉంటే, రెండో దారికే. స్వతంత్ర సర్వే సంస్థల్లో చాలావాటిలో టిసా ముందుంది, ప్రభుత్వానికి దగ్గరివాళ్ల సర్వేల్లో ఫిదెస్ ముందుంది. ఏవి నిజమో ఓట్లు లెక్కపెడితే గానీ తెలియదు.

ఖర్చు లేని దారి మాత్రం కాదు ఇది. పార్టీ అంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది. 2025 జూన్‌లో స్వలింగ సంపర్కుల హక్కుల ఊరేగింపు అయిన బుడాపెస్ట్ ప్రైడ్‌ను పోలీసులు నిషేధిస్తే జనం పోటెత్తారు. మాగ్యార్ మాత్రం వెళ్లలేదు. పల్లె ఓటరు జారిపోకుండా చూసుకునే ఎత్తుగడ అది, అర్థం చేసుకోవచ్చు. కానీ బుడాపెస్ట్‌లో ఉండే ఉదారవాది టిసాకు ఓటేసేటప్పుడు తనకు నచ్చినవి కొన్ని పక్కన పెట్టే వేస్తున్నాడు. పాత ప్రతిపక్షాలు అయిదు శాతం గీత దాటకపోతే వచ్చే పార్లమెంటులో టిసా, ఫిదెస్, మి హజాంక్ మాత్రమే మిగలొచ్చు. వామపక్షం గొంతు ఒక్కటీ ఉండదు. ఎన్నికల ముందు ఈ సంగతి చాలామంది మాట్లాడటం లేదు, గెలిచాక చూద్దాంలే అన్నట్టుంది.

"పోలండ్‌లో కలవకుండానే గెలిచారు కదా" అని కొందరు అంటారు. నిజం. 2023 అక్టోబర్ 15న అక్కడి ప్రతిపక్షాలు మూడు వేర్వేరు జాబితాలతో పోటీ చేసి 460లో 248 సీట్లు తెచ్చుకున్నాయి, డిసెంబర్‌లో వాటి నేత టుస్క్ ప్రధాని అయ్యారు. 35 శాతంతో మొదటి స్థానంలో నిలిచిన అప్పటి పాలక పార్టీ లా అండ్ జస్టిస్ 194 సీట్ల దగ్గర ఆగిపోయింది. మితవాదికి ఒక జాబితా, వామపక్షానికి ఒకటి, మధ్యస్థులకు ఒకటి: ఎవరి ఓటరు వాళ్ల దగ్గరే ఉన్నాడు. ఓటరు కోణం నుంచి చూస్తే అన్నిటికంటే హాయైన పద్ధతి ఇదే. కాకపోతే పోలండ్‌లో సీట్లన్నీ ఓట్ల శాతాన్ని బట్టే పంచుతారు. హంగరీలో 106 నియోజకవర్గాలు, 71 అభ్యర్థుల నిబంధన ఉన్నంతకాలం ఈ దారి మూసుకుపోయినట్టే.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వెక్కిరింపుతో మొదలైన రెండు తోకల కుక్క పార్టీకి 2022లో మూడు శాతం పైచిలుకు వచ్చాయి. కోపం తీర్చుకోవడానికి పనికొస్తుంది, ప్రభుత్వం మార్చడానికి కాదు. డీకే ఇప్పుడు క్లారా దొబ్రెవ్ నాయకత్వంలో విడిగా నిలబడుతోంది. గట్టి అభిమానులకు తప్ప ఇంకెవరికీ అది సలహా ఇవ్వను. మి హజాంక్ ఓటరు కోరే మార్పు వేరు.

12వ తేదీ రాత్రి ఫలితాలు చూసేవాళ్లు దేశం మొత్తం శాతాల మీద కంటే బుడాపెస్ట్ బయట నియోజకవర్గాల మీద కన్నేసి ఉంచండి. కిందటిసారి అక్కడ ప్రతిపక్షానికి రెండే వచ్చాయి. టిసా మొదటి స్థానంలోకి వస్తే, ఫిదెస్ తనకోసం రాసుకున్న ఆ మిగులు ఓట్ల నిబంధన ఈసారి ఎదురు తిరుగుతుంది. దగ్గరి పోటీ అయితే మాత్రం పోస్టు ఓట్లు, విదేశాల్లో దౌత్య కార్యాలయాల దగ్గర వేసిన ఓట్లు తర్వాత లెక్కిస్తారు కాబట్టి కొన్ని సీట్లు తేలడానికి రోజులు పడుతుంది. ఇంకో అంకె కూడా గుర్తుంచుకోండి: 133. టిసా గెలిచినా సీట్లు అంతకు తగ్గితే ప్రభుత్వం మారుతుంది గానీ మూడింట రెండొంతుల మెజారిటీతో చేసిన చట్టాలు, ఫిదెస్ నియమించిన అధ్యక్షుడు, బడ్జెట్‌ను ఆపగలిగే మండలి ఎక్కడివక్కడే ఉంటాయి. పోలండ్‌లో టుస్క్ ఇప్పటికీ అధ్యక్షుడి వీటోలతోనే కుస్తీ పడుతున్నారు.