మీథేన్ హైడ్రేట్: గ్యాస్ తీయడానికి ఏ పద్ధతి మేలు?

సముద్రం అడుగు మట్టిలో దొరికే మీథేన్ హైడ్రేట్, అంటే మీథేన్ గ్యాస్‌ను లోపల బంధించుకుని గడ్డకట్టిన నీరు, మామూలు మంచుగడ్డలాగే ఉంటుంది. అగ్గిపుల్ల గీసి పెడితే మాత్రం పైన మంట, కింద నీళ్లు. ఒక ఘనపు మీటరు గడ్డ విడిపోతే సుమారు 160 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. చలి, ఒత్తిడి రెండూ ఉంటేనే అది గడ్డగా నిలుస్తుంది. అందుకే తీసే దారులు ముఖ్యంగా మూడు: వేడి చేయడం, ఒత్తిడి తగ్గించడం, మీథేన్ స్థానంలోకి కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కించడం.

వేడి సంగతి త్వరగా తేలిపోయింది. 2002లో కెనడాలోని మల్లిక్‌లో బావిలోకి వేడినీళ్లు పంపారు. గ్యాస్ వచ్చింది కానీ కొంచెమే. వేడిలో చాలా భాగం చుట్టూ ఉన్న మట్టికే పోతుంది.

ఒత్తిడి తగ్గించడం అలా కాదు. బావిలో నీళ్లు తోడేస్తే చాలు, చుట్టూ ఉన్న హైడ్రేట్ దానంతటదే విడిపోతుంది. 2013లో జపాన్ తన తీరం దగ్గరి నాంకాయ్ ట్రఫ్ అనే సముద్రపు లోయలో ఆరు రోజుల్లో దాదాపు 1.2 లక్షల ఘనపు మీటర్లు తీసింది. తర్వాత బావిలోకి ఇసుక వచ్చిపడి పని ఆగింది. 2017లోనూ ఒక బావిని ఇసుకే ఆపింది. ఇసుక రేణువులను పట్టి ఉంచేది హైడ్రేటే మరి, అది పోతే పట్టు పోతుంది. పైగా విడిపోయేటప్పుడు అది వేడిని పీల్చుకుంటుంది కాబట్టి చుట్టూ చల్లబడి వేగం తగ్గుతుంది. చైనా 2020లో అడ్డంగా తవ్విన బావితో 30 రోజుల్లో 8.6 లక్షల ఘనపు మీటర్లు తీసింది.

నా భయమంతా ఆ పట్టు గురించే. వాలు మీద అది సడలితే సముద్రపు అడుగే జారవచ్చు. సుమారు 8,200 ఏళ్ల కిందట నార్వే దగ్గర స్టొరెగ్గా జారుడు సునామీ తెచ్చింది. అందులో హైడ్రేట్ పాత్ర ఎంతన్నది ఇంకా తేలలేదు. ఇక మీథేన్ గాలిలోకి చేరితే, ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు వేడెక్కిస్తుంది.

మూడో దారిలో, అంటే మీథేన్‌కు బదులు కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కించే మార్పిడిలో, గ్యాస్ బయటికి వచ్చినా గడ్డ గడ్డగానే ఉంటుంది, పట్టు సడలదు. 2012లో అలాస్కాలోని ఇగ్నిక్ సికుమీలో దీన్ని పరీక్షించారు. ఒట్టి కార్బన్ డయాక్సైడ్ పంపితే అదే గడ్డకట్టి దారి మూసేస్తుందని నైట్రోజన్ కలిపారు. మార్పిడి నెమ్మది, వచ్చిన గ్యాస్‌ను మళ్లీ వేరుచేయాలి.

గ్యాసే కావాలంటే ఇవాళ్టికి ఒత్తిడి తగ్గించడమే మేలు, అదీ వాలు లేని చోట, ఇసుక పొరల్లోనే. మెత్తటి బంకమట్టి వాలుల జోలికి వెళ్లకూడదు. పరిశోధన డబ్బు మాత్రం మార్పిడి మీద పెట్టాలంటాను. ఇక సముద్రంలో ఇప్పటిదాకా చేసిన పరీక్షలన్నీ రోజులు, వారాల లెక్కే. అడుగు కుంగుతోందా, గ్యాస్ లీకవుతోందా అని ఏళ్ల తరబడి కొలవకుండా వ్యాపారానికి అనుమతి ఇవ్వకూడదు.