అలెగ్జాండ్రైటా, టాఫైటా, బెనిటోయైటా: మొదటి అరుదైన రాయిగా ఏది మేలు?

కెంపు, నీలం, పచ్చ దాటి అరుదైన రాళ్ల వైపు చూపు మళ్లిన మిత్రులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "ఉంగరంలో పెట్టుకోవడానికి కాదు, దాచుకుని చూసుకోవడానికి సానపట్టిన రాయి ఒకటి కొనాలి. అలెగ్జాండ్రైట్ కొనమంటారా, టాఫైటా, బెనిటోయైటా?" ఒకరికి చెప్పిందే మరొకరికి చెబుతూ వస్తున్నాను. మొన్న సంక్రాంతికి ముందు నేను కూడా ఈ మూడింటి మధ్య నెల రోజులు తర్జనభర్జన పడి ఒకటి కొన్నాను. ఆ ఆలోచనంతా ఇక్కడ పెడుతున్నాను. క్యారెట్టు అంటే ఏమిటో, పది రెట్ల భూతద్దం కంటికి ఎలా ఆనించాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

మనసు మాట వింటే అలెగ్జాండ్రైటే కొనాలి. అది మనకు పరాయి రాయి కాదు. నవరత్నాల్లోని వైడూర్యమూ అలెగ్జాండ్రైటూ క్రైసోబెరిల్ అనే ఒకే ఖనిజం. వైడూర్యం లోపల దట్టంగా పరుచుకున్న సూదుల్లాంటి గీతలు వెలుగును పిల్లికన్నులా నిలబెడతాయి. అలెగ్జాండ్రైట్‌లో ఇసుమంత క్రోమియం చేరి రంగును మారుస్తుంది. 1830లలో రష్యాలోని ఉరల్ కొండల్లో బయటపడినప్పుడు, తరువాత జార్, అంటే రష్యా చక్రవర్తి, అయిన రెండో అలెగ్జాండర్ పేరు పెట్టారు. విశాఖ మన్యంలో, నర్సీపట్నం చుట్టుపక్కల, గొలుగొండ మండలం కరక కొండల్లో జనం "రంగురాళ్లు" అని పిలిచే వాటిలో ఇదీ దొరుకుతుంది.

ఈ రాయి పసుపు వెలుగును మింగేసి ఆకుపచ్చనూ ఎరుపునూ వదులుతుంది. పగటి వెలుగులో పచ్చదనం పైచేయి అవుతుంది, మంట వెలుగులో ఎరుపు పైచేయి అవుతుంది. అంగట్లో ఈ మార్పును సరిగ్గా చూడటం ఇప్పుడు కష్టం. ఫిలమెంటు బల్బులు పోయి ఎల్‌ఈడీలు వచ్చాక, మంచి రాయి కూడా ఆ తెల్లని వెలుగు కింద ఎటూ తేలని రంగుతో నిలబడిపోతుంది. ఇంట్లో అయితే పూజగదిలో ప్రమిద చాలు. విశాఖలో ఒక మిత్రుడి ఇంట్లో చూశాను. కిటికీ దగ్గర చెరువు నాచు రంగులో ఉన్న చిన్న రాయి, దీపం ముందుకు తేగానే దానిమ్మ గింజ అయింది. నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పించుకుని చూశాను. ఇంత అందం మిగతా రెండింటిలో లేదని ఒప్పుకుంటాను.

అయినా నేను దాన్ని కొనలేదు. కారణాలు రెండు.

పన్నెండేళ్ల క్రితం ఒక దుకాణంలో అలెగ్జాండ్రైట్ అని చెప్పి నాకు రెండు క్యారెట్ల రాయి అమ్మారు. రంగు మారుతోంది కదా అని నమ్మాను. ఏడాది తరువాత సూక్ష్మదర్శిని కింద పెడితే లోపల వంపు తిరిగిన గీతలు కనిపించాయి. సహజ స్ఫటికంలో అలాంటి వంపులు ఉండవు. అది వెనేడియం కలిపి కరిగించి పోసిన కృత్రిమ కొరండం, అంటే నీలమణి జాతి పదార్థం. దాని రంగు బూడిద కలిసిన నీలం నుంచి వంకాయ రంగుకు మారుతుంది. ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారాలని అప్పటికి నాకు తెలిసి ఉంటే చాలు, ఆ మోసం అక్కడే ఆగిపోయేది.

నిజానికి ఇది తేలికైన మోసం. కఠినమైనది మరొకటి ఉంది. 1970ల నుంచి అసలు అలెగ్జాండ్రైట్‌నే కర్మాగారంలో పెంచుతున్నారు. రసాయనం అదే, గట్టిదనం అదే, రంగు మారే తీరూ అదే. వెలుగును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన సూచిక చూసినా, సాంద్రత తూచినా తేడా తెలియదు. లోపలి మచ్చలను చదవగలిగిన అనుభవజ్ఞుడో, పెద్ద పరికరాలున్న ప్రయోగశాలో తేల్చాలి. జైపూర్‌కో ముంబైకో పంపి పరీక్ష చేయించవచ్చు. కానీ పావు క్యారెట్టు రాయికి పరీక్ష రుసుము, బీమాతో పంపే ఖర్చు కలిపి చూస్తే రాయి ధరలో పెద్ద భాగమే అవుతుంది.

రెండో కారణం చెప్పడానికి బాధగా ఉంది. కరక వైపు రంగురాళ్ల తవ్వకాల్లో గోతులు కూలి మనుషులు పోయిన వార్తలు తెలుగు పత్రికల్లో ఎన్నోసార్లు చదివాం. అనుమతి లేకుండా, రాత్రివేళ, ఏ ఆసరా లేని సొరంగంలో దిగి తీసిన రాయి చేతులు మారి మారి తెల్లని కాగితపు పొట్లంలో మన ముందుకు వస్తుంది. అది ఏ గోతిలోంచి వచ్చిందో అమ్మేవాడికీ తెలియదు, తెలిసినా చెప్పడు. అలాంటి రాయిని దీపం ముందు పెట్టి మురిసిపోవడం నాకు చేతకాలేదు. బ్రెజిల్, శ్రీలంక రాళ్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అప్పుడు మన ఊరి రాయి అన్న మమకారం పోయి, కృత్రిమమా సహజమా అన్న సందేహం ఒక్కటే మిగులుతుంది.

ఎన్ని లెక్కలు వేసినా నాకు చివరికి తేల్చేది ఒక్క ప్రశ్నే. ఈ రాయి ఏమిటో నా ఇంట్లో, నా బల్ల మీద, నా దగ్గరున్న పనిముట్లతో నేను రుజువు చేసుకోగలనా? సేకరణ అంటే పది మందికి చూపించడం ఒక్కటే కాదు. ఒక రాయిని ఏళ్ల తరబడి తిప్పి తిప్పి చూసి దాని స్వభావం తెలుసుకోవడంలోనే దాని సుఖం ఉంది. ధ్రువపత్రం ఉంటే చాలదా అని కొందరు అంటారు. పత్రం వేరు, రాయి వేరు. ఒక రాయి పత్రాన్ని మరో రాయికి జతచేసి అమ్మడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. కనీసం పత్రంలోని బరువూ కొలతలూ మీ త్రాసుతో, మీ కొలబద్దతో సరిచూసుకోండి.

ఈ ప్రశ్నకు గట్టిగా "అవును" అని జవాబిచ్చేది బెనిటోయైట్. 1907లో కాలిఫోర్నియాలోని శాన్ బెనిటో కౌంటీ కొండల్లో దొరికింది. మొదట నీలమణి అనుకున్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జార్జ్ లౌడర్‌బాక్ పరిశీలించి, బేరియం, టైటానియం ఉన్న కొత్త సిలికేటు ఖనిజమని తేల్చి దొరికిన చోటి పేరు పెట్టాడు. త్రికోణాకారపు దాని స్ఫటికం మరో విశేషం. అలాంటి సౌష్ఠవం ఉండవచ్చని శాస్త్రజ్ఞులు అంతకుముందే లెక్క కట్టి చెప్పారు, కానీ ప్రకృతిలో అప్పటిదాకా ఎవరికీ కనిపించలేదు. జపాన్‌లోనూ మరికొన్ని చోట్లా చిన్న స్ఫటికాలు దొరికాయి గానీ, సానపట్టడానికి తగిన రాయి వచ్చింది ఆ ఒక్క కొండ నుంచే. అక్కడ వాణిజ్య తవ్వకం 2000ల మధ్యలో ఆగిపోయింది. కాబట్టి "ఎక్కడిది?" అన్న ప్రశ్నకు ఈ రాయి పేరే జవాబు.

ఇక రుజువు. రాయిని పైముఖం నుంచి భూతద్దంతో చూస్తూ వెనక ముఖాల అంచుల మీద దృష్టి పెట్టండి. అంచులు జంటగా, పక్కపక్కన రెండు గీతల్లా కనిపిస్తాయి. బెనిటోయైట్ ద్వివక్రీభవనం, అంటే వెలుగును రెండుగా చీల్చే గుణం, 0.047. నీలమణికి అది 0.008 మాత్రమే కాబట్టి అందులో ఈ జంట గీతలు కంటికి ఆనవు. ఒక దిక్కు నుంచి చూస్తే జంట కనిపించకపోవచ్చు, రాయిని కొంచెం వంచి మళ్లీ చూడండి. నీలి జిర్కాన్ అనే మరో రత్నంలో కూడా అంచులు ఇలాగే రెండుగా కనిపిస్తాయి కాబట్టి ఇంతటితో ఆగకూడదు. గది చీకటి చేసి హ్రస్వతరంగ (షార్ట్‌వేవ్) అతినీలలోహిత దీపం కింద పెట్టండి. బెనిటోయైట్ చిక్కని నీలి వెలుగుతో మండినట్టు మెరుస్తుంది. నోట్లు పరీక్షించే చవక దీపం దీర్ఘతరంగానిది, దాని కింద ఈ మెరుపు రాదు. ఆ దీపంతో చూసి "నకిలీ" అని రాయిని వెనక్కి పంపేసినవారు నాకు తెలుసు. హ్రస్వతరంగం కంటికి హాని చేస్తుంది, అతినీలలోహితాన్ని ఆపే రక్షణ కళ్లద్దాలు లేకుండా దాన్ని వెలిగించకండి. మూడో గుర్తు రంగుది. ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే వదిలే పోలరాయిడ్ ముక్కలోంచి చూస్తూ రాయిని తిప్పితే ఒకవైపు నీలం, మరోవైపు దాదాపు రంగులేనితనం కనిపిస్తాయి. సానపట్టేవాడు పైముఖాన్ని తప్పు దిక్కున తీర్చాడంటే మంచి ముడిరాయి కూడా వెలవెలబోతుంది. కొనేటప్పుడు బరువు కన్నా ముందు ఇది చూడండి.

ఈ రాయిలో మరో సంపద ఉంది. తెల్లని వెలుగును రంగులుగా విడగొట్టే శక్తి దీనిలో 0.044, అంటే వజ్రంతో సమానం. ముదురు నీలి రంగు రాయిలో ఆ రంగుల తళుకు శరీరపు రంగు కింద అణిగిపోతుంది. అందుకే నేను వర్తకులు గొప్పగా చెప్పే ముదురు రాయిని వదిలి, శంఖుపువ్వు రెక్క అంచులా కాస్త లేతగా ఉన్న 0.38 క్యారెట్ల రాయి తీసుకున్నాను. ఉదయపు ఎండలో దాన్ని కదిపితే నీలంలోంచి నారింజ, ఆకుపచ్చ చుక్కలు ఎగిరిపడతాయి.

లోపాలూ చెప్పాలి. వజ్రానికి పది ఇచ్చే మోస్ కొలతలో గట్టిదనం 6 నుంచి 6.5 మాత్రమే. మన ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువు దానికన్నా గట్టిది, బట్టతో అశ్రద్ధగా తుడిస్తే గీత పడుతుంది. పరిమాణం కూడా చిన్నదే. సానపట్టిన రాళ్లలో ఎక్కువ భాగం ఒక క్యారెట్టు లోపే. ఏడున్నర క్యారెట్లు దాటిన ఒక రాయిని అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం దాచుకుందంటే అంత పెద్దది ఎంత అరుదో ఊహించుకోవచ్చు. ఉంగరంలో రోజూ పెట్టుకోవాలనుకుంటే మాత్రం నా మాట పక్కన పెట్టి 8.5 గట్టిదనం ఉన్న అలెగ్జాండ్రైటే కొనండి, ప్రయోగశాల పత్రంతో.

టాఫైట్ కథ అంటే నాకు ఎంతో ఇష్టం. 1945లో డబ్లిన్‌లో రిచర్డ్ టాఫ్ అనే రత్న పరిశీలకుడు ఒక నగల వర్తకుడి దగ్గర కొన్న పాత రాళ్లను ఏరుతున్నాడు. లేత ఊదారంగు రాయి ఒకటి స్పైనెల్ అనే రత్నం లాగే ఉంది. కానీ దాని లోపలి చుక్కలు, అంచులు రెండుగా కనిపించాయి. స్పైనెల్‌లో అది జరగదు. ఆ 1.42 క్యారెట్ల రాయిని లండన్‌కు పంపితే, చివరికి అది లోకానికి తెలియని ఖనిజమని తేలింది. భూమిలోంచి తవ్వగా కాకుండా, అప్పటికే సానపట్టిన రాయిగా మొదటిసారి గుర్తించిన ఖనిజం ఇదే. మన చేతిలోని స్పైనెల్ పొట్లంలో కూడా ఒకటి ఉండవచ్చన్న ఆశ ఎవరినీ నిలవనీయదు. శ్రీలంక స్పైనెళ్లు కొన్న ప్రతిసారీ ఒక్కొక్కటీ పోలారిస్కోప్‌లో, అంటే అడ్డంగా అమర్చిన రెండు పోలరాయిడ్ ఫలకాల మధ్య, తిప్పి చూస్తాను. స్పైనెల్ చీకటిగానే ఉండిపోవాలి, టాఫైట్ అయితే వెలుగుతూ ఆరుతూ ఉండాలి. ఇప్పటివరకు ఒక్కటీ దొరకలేదు.

ఇంటి పరీక్షలో ఇది సగం దూరమే వస్తుంది. స్పైనెల్ కాదని మనం తేల్చగలం. కానీ మస్‌గ్రావైట్ అనే దగ్గరి చుట్టం నుంచి దీన్ని విడదీయడానికి రామన్ వర్ణపటం వంటి ప్రయోగశాల పరికరాలు కావాలి. ఆ రెండింటి ధరల్లో తేడా ఉంటుంది కాబట్టి అది చిన్న విషయం కాదు. మరో మాట, తెలియనివారికి చూపిస్తే అది లేత ఊదారంగు రాయి, అంతే. దాని విలువ తెలిసినవాడి కంటికే కనిపిస్తుంది. మూడో నాలుగో రాయిగా దీన్ని కొనడం న్యాయం.

మిగతావాటి గురించి అడిగేవారికి రెండు ముక్కలు. పేనైట్ పేరు గొప్పది గానీ, శుభ్రంగా సానపట్టిన రాయి మనబోటివారికి అందదు. యూటా నుంచి వచ్చే ఎర్ర బెరిల్ అందమైనదే, లోపల పగుళ్లు లేనిది దొరకదు. స్ఫాలరైట్ తళుకు వజ్రాన్ని మించుతుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది, కానీ గోటికన్నా కొంచెమే గట్టిది కాబట్టి పిల్లలున్న ఇంట్లో వద్దు.

అలెగ్జాండ్రైట్, టాఫైట్, బెనిటోయైట్, ఈ మూడింటిలో దేన్నీ హైదరాబాదులోనో విజయవాడలోనో నగల దుకాణం తిరిగి కొనదు. మళ్లీ అమ్మాలంటే మరో సేకర్తను వెతుక్కోవాలి. అందుకే పెట్టుబడి అని కొనేవారికి నేను సలహా ఇవ్వడం మానేశాను.

నా పెట్టెలో బెనిటోయైట్ పక్క గడి ఖాళీగానే ఉంచాను. అనుమతి ఉన్న గనిలో, కూలివాడి ప్రాణానికి భద్రతతో తీసిన విశాఖ మన్యపు అలెగ్జాండ్రైట్ ఒకటి, తవ్విన చోటు రాసి ఉన్న కాగితంతో దొరికిన రోజున అక్కడ పెడతాను. పావు క్యారెట్టు అయినా సరే.