హిలోలో అమ్మ నేర్చుకున్న జవాబు

హవాయిలో ఎనిమిది రోజులున్నాం, నాలుగు రాజధాని హొనొలులులో, నాలుగు ఇంకో దీవిలో ఉన్న హిలో ఊళ్ళో. మళ్ళీ వెళ్తే ఎనిమిదీ హిలోకే ఇస్తాను.

హొనొలులులోని వైకీకీ తీరంలో మేము దిగిన పెద్ద హోటల్లో గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి సముద్రం కనిపించింది. అద్దె కాక రోజుకింత అని రిసార్టు రుసుము మాత్రం విడిగా వేశారు. బుక్ చేసే ముందే అడిగి తెలుసుకోండి. అక్కడ ‘అలోహా’, ‘మహాలో’ బోలెడు వినిపిస్తాయి. అలోహా పలకరింపు, మహాలో అంటే కృతజ్ఞతలు. మేము అదే మాట అంటే జవాబు ఇంగ్లీషులో వచ్చేది. హవాయి చరిత్ర, సంస్కృతి చూపే, 1889లో స్థాపించిన బిషప్ మ్యూజియానికి ఒక పూట ఉంచుకోండి, చాలా బాగుంటుంది.

హిలోలో ఒకరి ఇంట్లోనే రెండు గదులు తీసుకున్నాం. వానలో తడిసి చేరితే, ఇంటి పెద్దావిడ తలుపు తీసి “ఎ కొమొ మై” అన్నారు. స్వాగతమని బోర్డుల మీద రాసేదీ ఈ మాటే, కానీ అసలు అర్థం ‘లోపలికి రండి’. మన గుమ్మాల్లో మాత్రం ‘స్వాగతం’ అని ఎవరంటారు? “రండి, లోపలికి రండి” అనేగా.

తువ్వాలు అందిస్తే అమ్మ “మహాలో” అంది. “అ-ఒలె పిలికియ” అన్నారావిడ. పిలికియ అంటే ఇబ్బంది, అ-ఒలె అంటే లేదు. టీ ఇచ్చినప్పుడు “హె మెయ ఇకి” అన్నారు, చిన్న విషయమేనని. “మన ‘అదెంత పని’ లాంటిదే” అంది అమ్మ.

తెలుగువాళ్ళకు ఈ హవాయి భాష త్వరగా నోటికి వస్తుంది. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, హ్రస్వ దీర్ఘాల తేడా ఉంది. మనకు కొత్తది ఒకినా, అంటే గొంతులో చిన్న ఆపు. ‘పౌ’ అంటే అయిపోయింది, మధ్యలో ఆగి ‘పా-ఊ’ అంటే స్త్రీలు కట్టుకునే పావడా. అ తర్వాత ఆగకుండా ‘అవొలె’ అంటే ఆవిడ నవ్వి మళ్ళీ పలికించేవారు.

ఆ ఓపికకు వెనక ఒక బాధ ఉంది. 1896 చట్టంతో బడుల్లో ఇంగ్లీషే బోధనభాష అయింది. ఆవిడ తల్లి తన పిల్లలకు హవాయి భాష నేర్పలేదు. 1978లో అది రాష్ట్ర అధికార భాష అయింది, 1984లో హవాయి భాషలోనే చెప్పే ‘పూనన లెఒ’ అనే పసిపిల్లల బడులు మొదలయ్యాయి. ఆవిడ తన మనవరాలి దగ్గర నేర్చుకున్నారు.

హిలోలో కారు లేకపోతే కష్టం, వైకీకీ లాంటి పొడవైన ఇసుక తీరమూ దగ్గర్లో లేదు. అగ్నిపర్వతాల జాతీయ ఉద్యానం మాత్రం ముప్పావు గంట దూరమే.

చివరి రోజు అమ్మ వాళ్ళ వంటింట్లో నిమ్మకాయ పులిహోర చేసింది. ఆవిడ రుచి చూసి “మహాలో” అన్నారు. అమ్మ గరిటె దించకుండానే అంది, “హె మెయ ఇకి.”