నాలుగేళ్లుగా మా ట్యాంకులో అపిస్టోలు: నా అనుభవం

అపిస్టోలంటే అక్వేరియంలో పెంచే, దక్షిణ అమెరికాకు చెందిన చిన్న రంగు చేపలు. మొదట నేను కొన్నది మాత్రం అలాంటిదే మరో చిన్న చేప, బ్లూ రామ్ జత. హైదరాబాద్‌లో ఒక షాపులో ఆ నీలం మెరుపు చూసి ఆగలేకపోయాను. రెండు వారాలకే రంగు వెలిసింది, తిండి మానేశాయి. ఇరవయ్యో రోజుకు రెండూ పోయాయి. రామ్‌లకు 28 డిగ్రీలకు తగ్గని వెచ్చని నీళ్లు కావాలి. మాదేమో డిసెంబరు, హీటర్ లేదు. ఆ తప్పు నాదే. కానీ చిన్న వయసులోనే అంత రంగు రావాలని కొన్ని ఫారాల్లో హార్మోన్లు పెడతారని కూడా అప్పుడే విన్నాను.

తర్వాత అపిస్టోల్లో కాకటూ అనే రకం వైపు వెళ్లాను. వీటి సొంతూరు పెరూ వైపు అమెజాన్ ప్రాంతం, రాలిన ఆకులు పేరుకున్న నెమ్మది నీళ్లు. చెన్నై కొళత్తూరు వైపు ఇంట్లోనే పెంచే ఒకాయన ఆరు పిల్లలను రాత్రి బస్సు పార్సిల్‌లో పంపారు. ముందురోజు మేత ఆపేసి మరీ కట్టారు, అందుకే సంచిలో నీళ్లు పాడవలేదు. చూడ్డానికి మట్టిరంగు పిల్లలు. మూడు నెలలకు మగదాని వీపు రెక్క జుట్టులా నిక్కింది, తోక మీద ఎర్రమచ్చలు తేలాయి. అవే పెరిగి, అవే జత కట్టాయి.

మా బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 600 పైనే. చేపలు బతికాయి గానీ, గుడ్లు రెండుసార్లూ తెల్లబడి బూజు పట్టాయి. ఆర్‌ఓ నీళ్లు కలిపి 150కి దించి, ఎండి రాలిన నాటు బాదం ఆకులు నాలుగు వేశాను. నీళ్లు పలచటి డికాషన్ రంగుకు తిరిగాయి. మూడోసారి ఆడది కొబ్బరిచిప్ప లోపలి కప్పుకు గుడ్లు అతికించింది. వారం దాటాక ఒక పొద్దున తల్లి నిమ్మపండు పసుపులో, నల్లటి మచ్చలతో బయటికొచ్చింది, వెనకాల ముప్పై దాకా పిల్లలు. నేను గాజు దగ్గరికి వెళ్లగానే కడుపు కింది రెక్కలు ఒక్కసారి విదిల్చింది. పిల్లలన్నీ టక్కున ఇసుకకు అతుక్కుపోయాయి. అది చూశాక ఆఫీసుకు ఆలస్యమైనా బాధ అనిపించలేదు. పిల్లల మేతకు ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి రొయ్యల గుడ్లను ఉప్పునీళ్ల సీసాలో రోజూ పొదిగించాలి, ఆ పని తప్పదు.

చిన్న ట్యాంకైతే జాగ్రత్త. పిల్లలున్న తల్లి మగదాన్ని బతకనివ్వదు. మాది రెండున్నర అడుగులదే అయినా మగదాని రెక్కలు చిరిగాయి, మధ్యలో చెక్కమొద్దు అడ్డం పెట్టాకే తగ్గింది.

రెండో ఏడాది ఇంకో షాపులో తెచ్చిన ఆడవాటిని విడిగా ఉంచకుండా నేరుగా వేసేశాను. చేపల మలద్వారం నుంచి ఎర్రని దారాల్లా పురుగులు వేలాడాయి. లెవమిసోల్ అనే పురుగుల మందు వాడితే మిగతావి దక్కాయి గానీ రెండు పోయాయి. ఇప్పుడు ఎవరిచ్చినా నెల రోజులు వేరే తొట్టే.

కొనేటప్పుడు మీ ముందు మేత వేయమనండి. కడుపు లోపలికి పోయినా, తెల్లగా దారంలా విసర్జిస్తున్నా వద్దు. పిల్లల్నే ఐదారు తీసుకోండి, పెద్ద జత కన్నా చవక కూడా. మే నెలలో మాత్రం పార్సిల్ తెప్పించకండి.