నోసిస్ చెయిన్‌పై వాలిడేటర్ నోడ్: రెండేళ్లు నడిపిన అనుభవం

2018లో ఎక్స్‌డై పేరుతో మొదలైన నోసిస్ చెయిన్, ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్‌కు (ఎన్నో కంప్యూటర్లు కలిసి లావాదేవీలను నమోదు చేసే నెట్‌వర్క్‌కు) అనుబంధంగా, సొంత వాలిడేటర్లతో నడిచే సైడ్‌చెయిన్. ఎథీరియంలో ఒక వాలిడేటర్‌కు, అంటే లావాదేవీలను సరిచూసి ఓటు వేసే భాగస్వామికి, 32 ఈథర్ (ఎథీరియం నాణెం) పందెంగా, అంటే తప్పు చేస్తే కోత పడే హామీ సొమ్ముగా, పెట్టాలి. ఇక్కడ నోసిస్ టోకెన్ అయిన జీఎన్‌ఓ ఒక్కటి చాలు. అందుకే ఇంట్లోని చిన్న కంప్యూటర్‌పై నోడ్ (వాలిడేటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, రెండేళ్లకు పైగా నడుపుతున్నాను.

వాలిడేటర్లు పెరిగేకొద్దీ లావాదేవీల వేగం పెరుగుతుందని మొదట్లో నమ్మాను. నోడ్ లాగ్‌లు రోజూ చదివాక అది పొరపాటని తెలిసింది. ప్రతి నోడూ బ్లాకులోని (ఒకేసారి నమోదయ్యే లావాదేవీల కట్టలోని) లావాదేవీలన్నింటినీ తిరిగి అమలు చేసి, లెక్క సరిపోతేనే ఓటు వేస్తుంది. పనిని పంచుకోవడమంటూ ఉండదు. కాబట్టి సంఖ్యతో పెరిగేది భద్రతే. వేగం విషయంలో ఉపశమనం వేరే చోట ఉంది: ఎథీరియంలో రద్దీ ఎంత ఉన్నా ఇక్కడి లావాదేవీలకు సొంత చోటు ఉంటుంది, పైగా అక్కడ 12 సెకన్లకు వచ్చే బ్లాకు ఇక్కడ 5 సెకన్లకే వస్తుంది. లావాదేవీని ఇక వెనక్కి తిప్పలేని తుది నిర్ధారణకు అక్కడ దాదాపు 13 నిమిషాలు పడితే ఇక్కడ మూడు నిమిషాలు చాలు.

ఆ తొందరను భరించాల్సింది మాత్రం మన యంత్రమే. స్లాట్‌లో (ఒక బ్లాకుకు కేటాయించిన 5 సెకన్లలో) మూడో వంతు గడిచేలోగా, అంటే సుమారు 1.7 సెకన్లలో, కొత్త బ్లాకును సరిచూడటం పూర్తికాకపోతే ఓటు పాత బ్లాకుకే పడుతుంది. మొదటి ఆరు నెలలు నాకు తరచూ ఇదే జరిగింది. ఇంటర్నెట్‌ను అనుమానించి కేబుళ్లు మార్చాను, రౌటర్ మార్చాను; చివరికి పాత సాటా డిస్కు దగ్గరే పని ఆగుతోందని తేలింది. అంతకంటే వేగవంతమైన ఎన్‌వీఎంఈ డిస్కు వేశాక తప్పుడు ఓట్లు చాలావరకు తగ్గాయి. మరోసారి గడియారాన్ని సరిచేసే సర్వీసు ఆగిపోయి, సమయం ఒక సెకను వెనకబడినందుకే ఓట్లు ఆలస్యమయ్యాయి. డిస్కు మార్చేటప్పుడు పాతదాన్ని పూర్తిగా ఊడదీశాకే కొత్తదానిలో కీలు (వాలిడేటర్ తరఫున సంతకం చేసే రహస్య సంకేతాలు) పెట్టాను. ఒకే కీతో రెండు చోట్ల సంతకం పడితే పందెంలో కోత తప్పదు.

నాకు మిగిలిన అసంతృప్తి బ్రిడ్జ్ గురించే, అంటే ఎథీరియం నుంచి సైడ్‌చెయిన్‌కు, తిరిగి వెనక్కి సొమ్ము తరలించే ఏర్పాటు గురించే. సైడ్‌చెయిన్ భద్రత దాని సొంత వాలిడేటర్లపైనే నిలుస్తుంది, ఎథీరియం దానికి పూచీ పడదు. 2022 మార్చిలో రోనిన్ సైడ్‌చెయిన్‌కు ఉన్న 9 వాలిడేటర్లలో 5 కీలు దొంగల చేతికి చిక్కగానే బ్రిడ్జ్ నుంచి 1,73,600 ఈథర్ పోయింది. రోజువారీ చిన్న లావాదేవీలకు నోసిస్‌ను నిశ్చింతగా వాడుతున్నాను. పెద్ద మొత్తాన్ని మాత్రం ఎథీరియంలోనే ఉంచుతున్నాను.